ఎత్తిన చెయ్యి

పది గంటల మూడు నిమిషాలకి రత్నరాజు సారు ఎంటర్ నొక్కి, కుర్చీలోంచి లేచి, "ఇక కీబోర్డు ముట్టుకోకమ్మా ఇందిరా, పదకొండూ మూడు దాకా దానికీ నీకూ సంబంధం లేదు" అన్నారు. ముట్టుకోదు. పరీక్ష హాల్లోకి వెళ్ళిపోయిన పిల్లకి గేటు బయట నిలబడ్డ తల్లి ఏం అందించగలదు కనక. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏసీ చప్పుడు, తివాచీ ముక్క వాసన, అద్దాల తలుపు అవతల వరసగా విప్పిన చెప్పులు. గుడివాడలో చెప్పులు విప్పి వెళ్ళాల్సిన చోట్లు రెండే, గుడీ కంప్యూటరు గదీ, అని సీనియర్లు ఎగతాళి చేసేవాళ్ళు. ఆ ఎగతాళి తెలియకుండానే నాన్న పొద్దున గుమ్మం బయట చెప్పులు విప్పి, గడపకి చెయ్యి తాకించి కళ్ళకద్దుకుని మరీ లోపలికొచ్చాడు. ఇప్పుడు పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు, వీపు నిటారుగా, కుడి చెయ్యి మోకాలి మీద. ఆ చేతికి మూడే వేళ్ళు. వెనక వరసలో, బయటి కాలేజీ నుంచి పరీక్ష పెట్టడానికి వచ్చిన కాంతారావుగారు పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఈ గంట ఆయన పెట్టిందే. పది నిమిషాలు నడిచే ప్రోగ్రాం ఎవరైనా రాస్తారు, గంట నడిపించు చూద్దాం, అన్నారు. ఇది మూడోసారి. రెండుసార్లు తప్పింది. ఇవాళ కూడా తప్పితే ఎంసీఏ పట్టా ఇంకో ఏడాదికి, జూన్ నుంచి వచ్చి చేరమన్న బందరు కాలేజీ ల్యాబ్ ఉద్యోగం ఇంకొకరికి. అరవై నిమిషాలు. మొదటి నిమిషం అప్పుడే అయిపోయింది.

తెర మీద నల్లటి నేల, తెల్లటి అక్షరాలు, ఒక్కో వరసకి ఒక్కో పడవ పేరు, కింద మూలన ఒక అంకె. నాన్నకి అక్షరాలు రావు, అంకెలు వచ్చు, బస్సు నంబర్లు నేర్పిన చదువు. పదకొండు, పన్నెండు, పదహారు. ఊళ్ళో పడవలు ఎన్ని వెళ్ళాయో ఎన్ని వచ్చాయో రాసిపెట్టే ప్రోగ్రాం ఇది. మీ ఇంటి నుంచి ఏదైనా తెచ్చుకో అమ్మా, బ్యాంకులూ లైబ్రరీలూ చూసి చూసి విసుగొచ్చింది, అని రత్నరాజు సారు అన్నప్పుడు నాగాయలంక అవతలి సముద్రపొడ్డు తప్ప ఆమె దగ్గర తేవడానికి ఏముంది? సారు రాసిన ఇంకో ప్రోగ్రాం ఒక చీటీ తయారుచేసి, ఫలానా పడవ వచ్చింది అని రాసి, గంపలాంటి ఒక చోట పడేసి, ఇందిర ప్రోగ్రాంని పిలుస్తుంది. ఒక్కోసారి ఆరు సెకన్లకో పిలుపు, ఒక్కోసారి ఊపిరాడకుండా అయిదు వరసగా, ఒక్కోసారి అసలేమీ ఉండదు. గంటలో ఆరువందల చీటీలు. ఒక్కటి పోకూడదు, ఒక్కటి రెండుసార్లు పడకూడదు, ఒక్క పేరూ సగంలో తెగకూడదు. ఈ పిలుపుకి కంప్యూటరు వాళ్ళు పెట్టిన పేరు సిగ్నల్, పిలిచే ఆజ్ఞకి పెట్టిన పేరు మాత్రం కిల్. చంపడమా, అని మొదటిసారి క్లాసులో విన్నప్పుడు ఆమెకి నవ్వొచ్చింది, పిలిస్తే పలికేదాన్ని పిలవడానికి చంపడమని పేరెందుకు పెట్టారో ఆ పెట్టిన మహానుభావుడికే తెలియాలి. ఇరవై ఒకటి.

"వస్తన్నాయా?" అన్నాడు నాన్న, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"వస్తున్నాయి నాన్నా."

మొదటిసారి రాసిన ప్రోగ్రాం ఎంత మంచిదో. పిలిస్తే చాలు, చేతిలో ఉన్నది చేతిలో ఉన్నట్టే వదిలేసి పరుగెత్తేది. చీటీ తెరిచేది, చదివేది, పేరు రాసేది, మళ్ళీ వచ్చి వదిలిన పని అందుకునేది. అమ్మ అంతేగా, పొయ్యి మీద కూర మాడుతున్నా ఎవరు కేకేసినా పమిటతో చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకి పరుగు. మంచి మనిషి లక్షణం అదే అనుకుని పెరిగిన పిల్ల రాసే ప్రోగ్రాం ఇంకెలా ఉంటుంది. ఇరవైమూడో నిమిషం దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత, గంగమ్మ పడవ పేరు సగం రాస్తుండగా ఇంకో పిలుపు. ఆ సగం పేరు అలాగే వదిలి, దాని పక్కనే శ్రీదుర్గ పేరు రాయబోయి, రెండు పేర్లూ ఒకదాంట్లో ఒకటి చిక్కుకుపోయి, నిలబడిపోయింది. చావలేదు, బతకలేదు. మెరిసే గీత మెరుస్తూనే ఉంది, అంకె కదలదు. ఆ సగం పేరు చూడగానే ఆమె తెర మీంచి కళ్ళు తిప్పేసుకుంది, ఎందుకో అప్పుడు తెలియలేదు. హాస్టలుకి వెళ్ళి పడుకుని, పక్కమంచం పిల్ల జడ వేసుకుంటుంటే ఆ వేళ్ళు లెక్కపెడుతూ, అప్పుడు తెలిసింది.

అప్పుడు తనకి ఏడేళ్ళు. పన్ను ఊడింది. రెండు రోజులుగా ఊగుతున్న ముందు పన్ను పొద్దున్నే చేతిలోకి వచ్చేసింది, నెత్తుటి చుక్కతో, బియ్యపుగింజంత. తీరం నుంచి ఎంతో దూరం లేదు పడవ, నడుం లోతు నీళ్ళు దాటి అంతే, నాన్న అంచు మీద నిలబడి వల దింపుతున్నాడు, కాళ్ళ దగ్గర చుట్టగా ఉన్న తాడు జరజరా నీళ్ళలోకి పోతోంది. నాన్నా! నాన్నా, పన్ను ఊడింది! గాలి ఒడ్డు నుంచి నీటి వైపే వీస్తోంది, కేక సూటిగా వెళ్ళింది. నాన్న తిరిగాడు. పిలిస్తే తిరగని తండ్రి కాదు. తిరిగి నవ్వాడు కూడా, ఆ నవ్వు ఆమెకి ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ తిరగడంలో చెయ్యి ఒక్క జానెడు పక్కకి వెళ్ళింది, తాడు చుట్ట లేచి చేతికి పడి బిగుసుకుంది. బందరు ఆస్పత్రిలో పదకొండు రోజులు. చిటికెన వేలూ ఉంగరపు వేలూ లేవు. ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది. నాయనమ్మ ఒళ్ళో పడుకోబెట్టుకుని, పన్ను ఏదే, పారేశావా, ఇంటి మీదకి విసరాలి కదా, అంది. అంతే. నూట డెబ్బై నాలుగు.

ఆ తర్వాత పిలవడం మానేసింది. ఎవరినీ. అన్నానికి రమ్మనాలంటే వెళ్ళి ఎదురుగా నిలబడేది. బళ్ళో పంతులుగారు పేరు పిలిస్తే పలకడానికి నోరొచ్చేది గాని తను ఎవరి పేరూ నోటంట అనేది కాదు. దూడ తాడు తెంపుకుని పోతున్నా నోరెత్తకుండా దాని వెనకాల పరుగెత్తిందని ఊరంతా నవ్వుకుంది. పిలవకపోతే ఎవరికీ ఏమీ కాదు. ఇదే కదా రెండో ప్రోగ్రాం. మొదటిది నిలిచిపోయాక భయపడి, పిలుపులన్నిటికీ చెవులు మూసేసింది, ఒక్క వరసలో అయిపోయింది ఆ పని, పట్టించుకోకు అని చెబితే చాలు. గంట ఏమిటి, పూటంతా నడిచింది మహారాజులా. గంపలో చీటీలు గుట్టపడ్డాయి, రాసిన పేర్లు సున్నా. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు సారు ప్రోగ్రాం ఆరువందలసార్లు పిలిచింది. కాంతారావుగారు నవ్వారు. రత్నరాజు సారు నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, చిన్నగా, "ఇది బతకడం కాదమ్మా, దాక్కోవడం" అన్నారు. ఆయనకి ఏం తెలుసని అంత సూటిగా అన్నారు? ఏమీ తెలియదు. ఆ మాటకి ఆమె బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చింది.

కరెంటు పోయింది. ఏసీ ఉసూరుమని ఆగింది, ట్యూబులైట్లు ఆరాయి, యూపీఎస్ కీచుమంటోంది. తెర మాత్రం వెలుగుతోంది. నాన్న కదల్లేదు, సముద్రంలో గాలి ఆగినా అంతే కదలడు. పెరట్లో జనరేటరు దగ్గి దగ్గి అందుకుంది, లైట్లొచ్చాయి. గోడ గడియారం పదీ ముప్పైనాలుగు. మూడువందల ఎనిమిది. మొదటిసారి ఆగిన చోటు దాటి చాలాసేపయింది, ఆమె చూసుకోనేలేదు. అమ్మయ్య. సారుకి దణ్ణం పెట్టాలనిపించింది, ఈ యూపీఎస్ బ్యాటరీలు మార్పించమని ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగింది ఆయనే. ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి బట్టల్లోనే వచ్చి, ల్యాబ్ తాళం తీసి, ఆమె కోసం సాయంత్రం దాకా కూర్చునేవారు. సారు భార్య అన్నమ్మగారు రెండు క్యారియర్లు పంపేవారు, ఒకటి ఆయనకి, ఒకటి ఆ చేపల పిల్లకి, అనే చెప్పి పంపేవారట, సారు నవ్వుతూ చెప్పారు. ఆ క్యారియర్లో ఎప్పుడూ చేపల కూర ఉండేది కాదు, నువ్వు రోజూ తినేదే మళ్ళీ ఎందుకని పప్పుచారు పంపేవారు, ఆమెకేమో హాస్టలు పప్పుతో ప్రాణం విసిగి చేప ముక్క కోసం నాలుక పీకేది. ఆ మాట ఆవిడతో ఎప్పటికీ అనదు. ఆ పప్పుచారు రుణం ఏ జన్మకి తీరుతుంది.

అలాంటి ఒక ఆదివారమే అది దొరికింది. దొరికింది అనడం తప్పు, ఎప్పుడో ఇచ్చిందే చేతికి తగిలింది. పిలుపు వచ్చినప్పుడు పరుగెత్తకూడదు, చెవులు మూసుకోకూడదు, మరేం చెయ్యాలి, అని ఖాళీ తెర ముందు కూర్చుని ఉంటే, కుడి చెయ్యి తనకి తెలియకుండానే పైకి లేచింది. చూసుకుంది. నాన్న. ఆస్పత్రి నుంచి వచ్చిన ఆరేడు నెలలకి, గాయం మాని మళ్ళీ పడవెక్కే ముందు రోజు, నాన్న ఆమెని ఒడ్డుకి తీసుకెళ్ళి ఇసకలో కూర్చోబెట్టాడు. "ఏమ్మా, నన్ను పిలవడం మానేశావేం?" అన్నాడు. ఆమె వేలితో ఇసకలో గీతలు గీసింది. "పిలుపు తప్పు కాదమ్మా. నేను తిరగడం తప్పు. నువ్వు పిలువు. నేను తిరగను, చెయ్యెత్తుతా. ఎత్తానంటే విన్నట్టు. ఇక రెండోసారి పిలవకు, నిలబడు. చేతిలో పని ఒడ్డున పడంగానే వస్తా." తర్వాత నీళ్ళలోకి నడిచి, వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో. కెరటాలు ఆయన మోకాళ్ళ దగ్గర విరుగుతున్నాయి. ఆమె నోరు తెరిచింది, గాలి వచ్చింది, మాట రాలేదు. మళ్ళీ తెరిచింది. నాన్నా, అంది, అది కేక కూడా కాదు. మూడు వేళ్ళ చెయ్యి పైకి లేచింది. ఆమె పిలిచింది, పిలిచింది, పొద్దెక్కేదాకా ఏవేవో పిలిచింది, ఏడుస్తూ, నవ్వుతూ. ఆ తర్వాత ఊరంతా ఆ పద్ధతి పట్టుకుంది, ఇప్పుడు ఆ ఒడ్డున తాడు దగ్గర ఉన్నవాడెవడూ పిలిస్తే తిరగడు, చెయ్యెత్తుతాడు.

పద్ధతి అంతే. పిలుపు అందుకునే చోట రాయాల్సింది ఒక్కటే వరస: చెయ్యెత్తు. సున్నా అంటే దించిన చెయ్యి, ఒకటి అంటే ఎత్తింది. చేతిలో ఉన్న పేరు పూర్తిగా రాసి, అప్పుడు చూసుకోవాలి, చెయ్యి ఎత్తి ఉందా అని. ఉంటే ముందు దించి, ఆ తర్వాత గంప దగ్గరికి వెళ్ళి ఉన్న చీటీలన్నీ తియ్యాలి. ఒకటి కాదు, అన్నీ. అయిదుగురు ఒకేసారి పిలిచినా ఎత్తేది ఒక్క చెయ్యే, పిలుపులు లెక్కపెట్టి లాభం లేదు. చెయ్యి దించే ఉంటే, ఇంకో పిలుపు లేపేదాకా కళ్ళు మూసుకుని పడుకోవాలి. ఆ గుర్తుకి ఇంగ్లీషు అక్షరాల్లోనే చెయ్యి అని పేరు పెట్టింది. "అందరూ ఫ్లాగ్ అని పెడతారు కదమ్మా, ఇదేం పేరు?" అన్నారు సారు. మా ఇంట్లో ఇలాగే అంటారండీ, అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఉండనీ, అన్నారు. నాలుగువందల పంతొమ్మిది. పదీ నలభై అయిదు. నాన్న వేళ్ళు మోకాలి మీద చిన్నగా కొట్టుకుంటున్నాయి, బీడీ వేళయింది, బయటికెళ్ళి కాల్చుకు రావచ్చు, వెళ్ళడు. పొద్దున నాలుగింటికి లేచి అవనిగడ్డ, చల్లపల్లి, బందరు, అక్కడ రైలెక్కి ఇక్కడికి. ఎందుకొచ్చావు నాన్నా అంటే, మన పడవలంటగా, చూడొద్దూ, అన్నాడు.

నాయనమ్మ పోలమ్మ కూడా వస్తానందిట. పోలమ్మ వస్తే ఈ గది పట్టదు. ఉప్పెనలో తాతనీ ఇద్దరు చిన్నాన్నలనీ పోగొట్టుకున్న మనిషి, ఆ మాట ఎత్తదు గాని ఉప్పెన రోజుల్లాంటి గాలి వీస్తే ఇంట్లో ఉండదు. కొన్ని పిలుపులకి చెయ్యెత్తే వ్యవధి ఉండదు. కంప్యూటరు వాళ్ళ లెక్కల్లో అది తొమ్మిదో నంబరు పిలుపు, దాన్ని ఏ ప్రోగ్రామూ అందుకోలేదు, ఆపలేదు, వచ్చిందంటే ముగిసినట్టే. సారు ఆ పాఠం చెప్పిన రోజు క్లాసులో అందరూ నోట్సు రాసుకుంటుంటే దివిసీమ పిల్లలు ముగ్గురు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాయనమ్మకి మిగిలిన అలవాటు ఒకటుంది. పడవలన్నీ వచ్చేదాకా, ఎవరు పిలిచినా పిలవకపోయినా, కాసేపటికోసారి లేచి గుమ్మంలోంచి ఒడ్డు వైపు చూసి రావడం. ఇంకా పిలుపు రాలేదుగా, కూర్చోవే, అంటే, పిలిచేవాడికి గొంతు పోయిందేమో నీకేం తెలుసు, అనేది. ఆ మొండితనం మీద ఇంట్లో అందరికీ విసుగే. ప్రోగ్రాం పూర్తయ్యాక, అంతా సరిగ్గా ఉందని సారు అన్నాక కూడా, ఇందిరకి నిద్ర పట్టలేదు. మర్నాడు వచ్చి ఇంకో నాలుగు వరసలు రాసింది: నిమిషానికోసారి, ఎవరూ పిలవకపోయినా, లేచి గంప చూసిరా. అవసరం ఏముందో ఆమెకే తెలియదు. భయం, అంతే. ఆ వరసల పైన పోలమ్మ అని రాసిపెట్టుకుంది. అయిదువందల డెబ్బై.

పదకొండు. నాన్న వంగి కూర్చున్నాడు. అయిదువందల ఎనభై అయిదు, ఎనభై ఆరు. ఒక్కసారిగా నాలుగు. రత్నరాజు సారు వచ్చి వెనక నిలబడ్డారు, ఆయన చొక్కా గంజి వాసన. కాంతారావుగారి పేపరు మడతపడిన చప్పుడు. తొంభై ఆరు. తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది. పదకొండూ మూడు. సారు ప్రోగ్రాం తన పని అయిపోయిందని, ఆరువందలూ పంపానని ఒక వరస రాసి ఆగిపోయింది. ఇందిర ప్రోగ్రాంలో అంకె అయిదువందల తొంభై తొమ్మిది. కదల్లేదు. మెరిసే గీత మెరుస్తోంది.

"ఒకటి తక్కువ" అన్నారు కాంతారావుగారు. గొంతులో కోపం లేదు, అదే భయంగా ఉంది.

"ఒక పడవ రాలేదమ్మా" అన్నాడు నాన్న.

తెలుసు. ఎక్కడ పోయిందో కూడా ఇప్పుడే, ఈ క్షణంలోనే, తెర మీద రాసినంత స్పష్టంగా తెలుస్తోంది. ప్రోగ్రాం చెయ్యి చూసుకుంది, దించే ఉంది, సరే ఎవరూ పిలవలేదు, పడుకుందామనుకుంది. ఆ చూసుకోవడానికీ కళ్ళు మూసుకోవడానికీ మధ్య రెప్పపాటులో పిలుపొచ్చింది. చెయ్యి లేచింది, కళ్ళు మూసుకుపోయాయి. ఎత్తిన చేత్తోనే నిద్రపోతోంది. ఇంతకుముందు ఎన్నిసార్లు ఇలా అయిందో, వెనకే ఇంకో పిలుపు వచ్చి లేపింది గనక తెలియలేదు. ఆఖరి పడవకి వెనక ఇంకో పడవ లేదు. ఎంత వెర్రితనం, ఎంత చిన్న సందు. "టైమైపోయిందండీ" అంటున్నారు కాంతారావుగారు. రత్నరాజు సారు, ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పని సారు, "చీటీలు పంపడం అయిపోయింది గాని ఆ అమ్మాయి ప్రోగ్రాం ఇంకా ఆగలేదు కదండీ. ఒక్క నిమిషం" అన్నారు. నిమిషం. ఒళ్ళో చేతులు రెండూ ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి, ముట్టుకోకూడదు, పిలవకూడదు. కళ్ళ ముందు, ఇంటి గుమ్మంలో నాయనమ్మ. లేవవే. ఎవరూ పిలవలేదులే, అయినా లేవవే, పోలమ్మా, ఒక్కసారి లేచి చూసిరావే.

అంకె మారింది. ఆరువందలు. దాని పైన ఒక పేరు, పూర్తిగా, ఒక్క అక్షరం తెగకుండా, గంగమ్మ.

"వచ్చేసింది" అన్నాడు నాన్న, పెద్దగా, ఒడ్డున అన్నట్టే.

కాంతారావుగారు ముందుకొచ్చి తెర చూశారు, గడియారం చూశారు. "ఇదెవరు పిలిస్తే వచ్చిందమ్మా?"

"ఎవరూ పిలవలేదండీ. నిమిషానికోసారి అదే లేచి చూస్తుంది."

"అంటే పిలుపు జారిపోతుందని ముందే కనిపెట్టావా?"

అవునంటే సరిపోతుంది. "లేదండీ" అంది. "భయమేసి పెట్టాను. మా నాయనమ్మ అలాగే చేస్తుంది."

ఆయన పేపరు చంకలో పెట్టుకున్నారు. "ఆ సందు మూసే పద్ధతి వేరే ఉంది, మీ సారుని అడిగి నేర్చుకో" అని, జేబులోంచి పెన్ను తీసి, "రిజిస్టర్లో సంతకం పెట్టు. బందరులో పిల్లలకి చెప్పేటప్పుడు ఈ తప్పు కూడా చెప్పు" అన్నారు. బందరులో. ఆ మాట విని సారు తల తిప్పేసుకున్నారు, కళ్ళజోడు మళ్ళీ తుడుచుకోవాల్సొచ్చింది ఆయనకి. ఇందిర వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, వద్దమ్మా వద్దు, అని వెనక్కి జరిగి, "ఇంటికెళ్ళి అన్నమ్మకి చెప్పాలి" అన్నారు. ఎవరెవరికి చెప్పాలి, ఎంతమంది కలిస్తే ఈ ఒక్క అంకె. పన్ను ఇంటి మీదకి విసరాలన్న నాయనమ్మ, నీళ్ళలో వీపు తిప్పి నిలబడ్డ నాన్న, పప్పుచారు. రిజిస్టరు ముందు కూర్చుంది. కాలమ్స్ చిన్నవి, హాల్ టికెట్టు నంబరు పదంకెలు, ఒక్కటి తప్పు రాస్తే మళ్ళీ మొదటికొస్తుంది. నాలుగంకెలు రాసింది. బయట వరండాలో నాన్న చెప్పులు వెతుక్కుని, తొడుక్కుని, బీడీ వెలిగించుకుని ఉంటాడు, ఆ వాసన తలుపు సందులోంచి వచ్చింది.

"ఇందిరా! అమ్మాయ్, బందరు బండికి టైమవుతోంది!"

అయిదో అంకె సగంలో ఉంది. ఇందిర తల తిప్పలేదు. ఎడం చెయ్యి పైకి లేచింది.

నాన్న రెండోసారి పిలవలేదు.